డెర్బీ కంటే ఏడాది పెద్దది



గుర్రప్పందెం అనగానే ఎవరికైనా డెర్బీ అన్న మాట గుర్తొస్తుంది. ఒకసారి మా తరగతిలో ఒక అబ్బాయి పత్రికలో పందేల వార్త చూపించి, "డెర్బీ సరే మాస్టారూ, ఈ ఓక్స్ అంటే ఏమిటి?" అని అడిగాడు. ఆ పూట నా దగ్గర జవాబు లేకపోయింది. తరువాత చదివి తెలుసుకున్నది ఈ రోజు మీకు చెబుతాను. పందెం కాయమని మాత్రం చెప్పడం లేదు సుమండీ!

ఓక్స్ ఆడగుర్రాల పందెం. అందులోనూ మూడేళ్ల వయసువాటికే ప్రవేశం. పాత తెలుగులో ఆడగుర్రాన్ని గోడిగ అన్నారు. పందేలవాళ్లు లేత వయసు గోడిగను ఫిల్లీ అనీ, వయసు వచ్చినదాన్ని మేర్ అనీ అంటారు.

ఈ పందెం పుట్టింది ఇంగ్లండులో, లండనుకు దక్షిణాన ఉన్న ఎప్సమ్ మైదానంలో. అంతకు ముందు కాలంలో పెద్ద వయసు గుర్రాలను నాలుగేసి మైళ్లు, ఒకే రోజున రెండు మూడు విడతలుగా పరుగెత్తించేవారు. లేత గుర్రాలను తక్కువ దూరం, ఒకే విడతలో పరుగెత్తించే పద్ధతి అప్పుడప్పుడే మొదలవుతోంది. డెర్బీ ప్రభువుల వంశంలో పన్నెండవ వాడికి ఎప్సమ్ దగ్గర 'ది ఓక్స్' అనే విడిది ఉండేది. ఓక్ అనేది ఆ దేశపు చెట్టు, దాని పేరే ఆ ఇంటికి పెట్టారు. ఆ ఇంటి పేరుతోనే 1779లో ఆయన, ఆయన మిత్రులు మైలున్నర పందెం ఏర్పాటు చేశారు. మొదటి పందెం గెలిచిన ఫిల్లీ పేరు బ్రిడ్జెట్. అది కూడా ఆయనదే!

ఆ ఉత్సాహంతో మరుసటి ఏడు, అంటే 1780లో, మగవీ ఆడవీ కలిసి పరుగెత్తే పందెం పెట్టారు. అదే డెర్బీ. దానికి ఎవరి పేరు పెట్టాలో తేల్చడానికి డెర్బీ ప్రభువు, సర్ చార్లెస్ బన్‌బరీ బొమ్మా బొరుసూ వేశారని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ, పేరు ప్రభువుకు దక్కింది, గెలుపు బన్‌బరీ గుర్రం డయోమెడ్‌కు దక్కింది. ఆ మొదటి డెర్బీ దూరం ఒక్క మైలే. 1784లో గానీ అది మైలున్నర కాలేదు. అంటే వయసులోనూ, మొదట్లో దూరంలోనూ ఓక్సే పెద్దది. లోకానికి తెలిసింది మాత్రం తమ్ముడి పేరు.

మరి ఆడగుర్రం మగదానితో సమంగా పరుగెత్తలేదా? 1801లో ఎలియనర్ అనే ఫిల్లీ డెర్బీ, ఓక్స్ రెండూ గెలిచింది. 1857లో బ్లింక్ బానీ, 1908లో సిన్యోరినెట్టా, 1916లో ఫిఫినెల్లా అదే పని చేశాయి. మరో రెండు ఫిల్లీలు డెర్బీ ఒక్కటీ గెలిచాయి. మొత్తం ఆరు. 1916 తరువాత ఎప్సమ్ డెర్బీని ఏ ఫిల్లీ గెలవలేదు. బలం చాలకనే అనుకుంటే పొరపాటు. ఇప్పుడు డెర్బీలో ఫిల్లీ మోసే బరువులో మూడు పౌండ్ల తగ్గింపు కూడా ఉంది. అయినా యజమానులు మంచి ఫిల్లీని ఓక్స్‌కే పంపుతారు. ఓక్స్ గెలిచినదాని కడుపున పుట్టే పిల్లకు పుట్టకముందే గిరాకీ. వేరే పందెం పెట్టడం గౌరవమే, కాదనను. కానీ పెద్ద పందెంలో వాటికి చోటు లేకుండా పోవడానికి అదీ ఒక కారణమైందని నాకనిపిస్తుంది. 2017లో ఓక్స్ గెలిచిన ఎనేబుల్ అదే ఏడు ఫ్రాన్సులో మగగుర్రాలతో కలిసి పరుగెత్తి, ఆ దేశపు అతిపెద్ద పందెమైన ఆర్క్‌ను గెలుచుకుంది. మరుసటి ఏడూ గెలిచింది.

డెర్బీ ప్రభువు విడిదిని గత శతాబ్దంలోనే పడగొట్టారు. ఆ స్థలం ఇప్పుడు ఉద్యానవనం. దాని పేరు మాత్రం సముద్రాలు దాటి మన దగ్గరికి వచ్చింది. బొంబాయి మహాలక్ష్మిలో ఇండియన్ ఓక్స్, మద్రాసు గిండీలో సౌత్ ఇండియా ఓక్స్, హైదరాబాదు మలక్‌పేటలో గోల్కొండ ఓక్స్ ఆ పేరుతో పుట్టినవే. అన్నట్టు, 1943లో బొంబాయిలో జరిగిన మొట్టమొదటి ఇండియన్ డెర్బీని గెలిచింది ప్రిన్సెస్ బ్యూటిఫుల్. అదీ ఫిల్లీయే.