ప్రతాపరుద్రుని చివరి ప్రయాణం: కాకతీయ పతనానికి సంబంధించిన ప్రాథమిక ఆకరాల విమర్శనాత్మక పఠనం

వ్యాససంగ్రహం: 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైన తర్వాత కాకతీయ ప్రతాపరుద్రుడు ఏమయ్యాడన్న ప్రశ్నకు తెలుగు చరిత్ర గ్రంథాలలో ఎక్కువగా కనిపించే సమాధానం, బందీగా వెళ్తూ నర్మదాతీరంలో ఆత్మత్యాగం చేశాడని. ఈ వాక్యం ఏ ఒక్క ప్రాథమిక ఆకరంలోనూ లేదు. వేర్వేరు కాలాలలో, వేర్వేరు అవసరాల కోసం పుట్టిన రెండు శాసనాలను కలపడం వల్ల అది ఏర్పడింది. విలస, కలువచేరు శాసనాలను, బరనీ, అఫీఫ్ పర్షియన్ చరిత్రలను, ఏకామ్రనాథుని వచనగ్రంథాన్ని విడివిడిగా చదివినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్నదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కాకతీయులు, ప్రతాపరుద్రుడు, విలస శాసనం, కలువచేరు శాసనం, ముసునూరి నాయకులు, ఆకరవిమర్శ.

ఉపోద్ఘాతం

ఒక జాతి తన చరిత్రను రాసుకునేటప్పుడు రాజ్యాల స్థాపనకన్నా వాటి పతనాన్ని చెప్పడంలోనే ఎక్కువ తడబడుతుంది. పతనానికి కారణం చెప్పాలి, బాధ్యులను చూపాలి, ఓడినవారి గౌరవాన్నీ కాపాడాలి. కాకతీయ రాజ్య పతనం తెలుగువారి చరిత్రరచనలో అటువంటి సందర్భం. ఇరవయ్యో శతాబ్ది తొలి సగంలో, ఆంధ్రోద్యమమూ జాతీయోద్యమమూ కలిసి నడుస్తున్న రోజుల్లో, పండితులు శాసనాలను వెదికి, చదివి, పరిష్కరించి ఈ చరిత్రకు రూపమిచ్చారు. మల్లంపల్లి సోమశేఖరశర్మ ముసునూరి నాయకులపై 1945లో ఇంగ్లిష్‌లో ప్రకటించిన గ్రంథం ఆంధ్రచరిత్రలో మరుగున పడిన అధ్యాయాన్ని వెలికితీస్తున్నట్టు తన శీర్షికలోనే చెప్పుకుంది. ఆ తరం చేసిన సేవ లేకపోతే నేటి పరిశోధకుని చేతిలో ఆకరాలే ఉండవు. అయితే వారు ఆకరాలతో పాటు, వాటిని కూర్చి చెప్పిన కథను కూడా అందించారు. పరిశోధన గ్రంథాలలో ఈ రెండింటి మధ్య గీత తరచుగా చెరిగిపోతున్నది.

విలస శాసనం చెప్పేది

ప్రతాపరుద్రుని అంతం గురించి మాట్లాడే ఆకరాలలో ఘటనకు అతి దగ్గరగా ఉన్నది ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం. సంస్కృత భాషలో ఉన్న ఈ దానశాసనంపై తేదీ లేదు. 1325కూ 1350కీ మధ్య వెలువడి ఉంటుందని పండితుల అంచనా. దీన్ని నేలటూరి వేంకటరమణయ్య, సోమశేఖరశర్మ కలిసి ఎపిగ్రాఫియా ఇండికా 32వ సంపుటిలో పరిష్కరించి ప్రకటించారు. కోనసీమ ప్రాంతపు విలస గ్రామాన్ని ఒక బ్రాహ్మణునికి ఇవ్వడం శాసనోద్దేశం.

దానవివరాలకు ముందు సుదీర్ఘమైన ప్రశస్తి ఉంది. తిలింగదేశాన్ని ఏలిన రాజవంశాల వరుస, ప్రతాపరుద్రుని పాలనా వైభవం, తురుష్కులతో వైరం, ఆ తర్వాత రాజు బందీ కావడం, ఢిల్లీకి తీసుకుపోతుండగా సోమోద్భవ అనే నదీతీరంలో మరణించడం ఇందులో వస్తాయి. సోమోద్భవ అంటే నర్మద. రాజనే సూర్యుడు అస్తమించగానే తురుష్కులనే చీకటి లోకాన్ని కమ్మిందని శాసనకవి చెబుతాడు. అగ్రహారాలు అపహరణకు గురికావడం, వైదిక కర్మలు ఆగిపోవడం, రైతుల పంట వారికి దక్కకపోవడం, గోబ్రాహ్మణ హింస వరుసగా వర్ణితమవుతాయి. ఆ చీకటిలో చతుర్థ వర్ణంలో పుట్టిన ప్రోలయ నాయకుడు విష్ణ్వంశతో అవతరించి, తురుష్కులను తొలగించి, మాల్యవంత పర్వతం దగ్గరి రేకపల్లి నుంచి పాలిస్తూ అగ్రహారాలను తిరిగి ఇచ్చాడు.

ఈ ప్రశస్తిని చదివేటప్పుడు ముందుగా గమనించవలసింది దాని రచనావసరం. ప్రోలయకు వంశపారంపర్యంగా వచ్చిన సింహాసనం లేదు, క్షత్రియ వంశావళి లేదు. అతని అధికారానికి శాసనకవి చూపగలిగిన ఆధారం ఒక్కటే, చెడిపోయిన లోకాన్ని బాగుచేయడం. చీకటి ఎంత గాఢంగా ఉంటే వెలుగుకు అంత విలువ. దానం పొందే వర్గానికి అగ్రహారాల అపహరణ కేవలం ఉపమానం కాదు, ఆస్తి నష్టం. కనుక ఆ భాగాన్ని కల్పన అని తోసేయడం పొరపాటే. కొత్త పాలకులు పన్నులేని భూములను తిరిగి పన్ను కిందికి తేవడం నమ్మదగిన సంగతి. కానీ అదే శ్లోకధారలో వచ్చే మిగతా వర్ణన కలియుగ లక్షణాలను వర్ణించే పౌరాణిక సంప్రదాయం నుంచి వచ్చింది. ఒకే వాక్యంలో భూమి లెక్కా పురాణమూ కలిసి ఉంటే, ఆ రెండింటికీ ఒకే సాక్ష్యబలం ఇవ్వడం కుదరదు.

శాసనం చెప్పే అంకెను చూస్తే ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. ప్రతాపరుద్రుడు తురుష్కులను ఏడుసార్లు జయించాడని ప్రశస్తి అంటుంది. ఢిల్లీ చరిత్రకారుల రాతల నుంచి తెలిసే దండయాత్రలు ఐదు: 1303 ప్రాంతంలో విఫలమైనది, 1309-10లో మాలిక్ కాఫూర్ నడిపినది, 1318లో ఖుస్రో ఖాన్ నడిపినది, ఉలుఘ్ ఖాన్ నడిపిన రెండు. వీటిలో మొదటిదీ, ఉలుఘ్ ఖాన్ తొలి ముట్టడీ మాత్రమే విఫలమయ్యాయి. 1310లోనూ 1318లోనూ ఓరుగల్లు కప్పం కట్టింది. ఏడు అనేది లెక్క కాదు, కావ్యసంఖ్య.

మరి నర్మదాతీర మరణాన్ని కూడా ఇలాగే పక్కన పెట్టవచ్చా? ప్రోలయ కీర్తికి ఆ వివరంతో అవసరం లేదు. రాజు ఓరుగల్లు కోటలో పోరాడుతూ పడిపోయాడని చెప్పినా ప్రశస్తి సాగేది, ఇంకా బాగా సాగేది. బందీగా పోతూ మార్గమధ్యంలో మరణించడం ఓడిన ప్రభువుకు వన్నె తెచ్చే విషయం కాదు. చెప్పేవారికి లాభం లేని, పైగా కొంత ఇబ్బంది కలిగించే వివరానికి సాధారణంగా విలువ ఎక్కువ. నర్మద పుణ్యనది కావడం వల్ల అక్కడి మరణానికి కొంత పవిత్రత వస్తుందన్న అభ్యంతరం ఉండవచ్చు. అందుకే ఈ సాక్ష్యాన్ని దానికి సంబంధంలేని మరొక మూలంతో పోల్చవలసి ఉంటుంది.

ఢిల్లీ వైపు నుంచి

ఢిల్లీ ఆస్థాన చరిత్రలు కూడా ప్రశస్తులే. 1310 ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో కవి. లొంగిపోయిన ఓరుగల్లు రాయడు మెడలో బంగారు గొలుసు వేసిన తన స్వర్ణప్రతిమను పంపాడని అతడు రాశాడు. ఇది సుల్తాను చెవికి ఇంపైన మాట. అదే గ్రంథంలో ఓరుగల్లు మట్టికోట ఎంత గట్టిదో, దాని లోపల రాతికోట ఎలా ఉందో కూడా రాశాడు. నేటికీ నిలిచి ఉన్న గోడలు ఆ మాటకు సాక్ష్యం. ఒకే రచయిత ఒక చోట నమ్మదగినవాడూ మరో చోట కానివాడూ అవుతాడు.

1357లో తన చరిత్రను ముగించిన జియాఉద్దీన్ బరనీ ప్రతాపరుద్రుణ్ని ‘లద్దర్ దేవ్’ అంటాడు. రుద్రదేవ నామం పర్షియన్ చెవికి వినిపించిన తీరు అది. ఉలుఘ్ ఖాన్ కోటను పట్టుకుని రాయణ్ని, ఏనుగులను, ఖజానాను ఢిల్లీకి పంపాడనీ, ఓరుగల్లు పేరును సుల్తాన్‌పూర్‌గా మార్చాడనీ చెబుతాడు. బందీ అయిన రాజు ఢిల్లీ చేరాడన్న మాట మాత్రం అక్కడ లేదు. విజయవార్తను అంత ఉత్సాహంగా చెప్పిన రచయిత ఓడిన రాజును దర్బారులో నిలబెట్టిన దృశ్యాన్ని వదిలేయడం గమనార్హం. అయినా మౌనం ఒక్కటే రుజువు కాదు.

రుజువు షమ్స్ సిరాజ్ అఫీఫ్ గ్రంథంలో, అనుకోని చోట దొరుకుతుంది. 1398లో తైమూరు దాడి జరిగిన తర్వాత, ఫిరోజ్ షా తుగ్లక్ కాలాన్ని తలచుకుంటూ రాసిన అఫీఫ్‌కు కాకతీయులపై ఆసక్తి లేదు. అతని దృష్టి ఫిరోజ్ షా వజీరు ఖాన్-ఇ-జహాన్ మక్బూల్ మీద. ఆ వజీరు పూర్వం తెలంగాణ హిందువనీ, అక్కడి రాయని కొలువులో ఉన్నవాడనీ, సుల్తాన్ ముహమ్మద్ రాయణ్ని ఢిల్లీకి పంపగా రాయడు దారిలో చనిపోయాడనీ, ఆ తర్వాత ఇతడు సుల్తాను ఎదుటికి వచ్చి ఇస్లాం స్వీకరించాడనీ అఫీఫ్ రాస్తాడు. 1323లో ముహమ్మద్ ఇంకా యువరాజు ఉలుఘ్ ఖానే. తర్వాతి బిరుదుతో ముందటి ఘటనను చెప్పడం చరిత్రకారులకు మామూలే.

గోదావరి తీరపు దానశాసనానికీ ఢిల్లీ వజీరు జీవితకథకూ మధ్య ఏ లావాదేవీ లేదు. ఒకరు చెప్పింది మరొకరు చదివే అవకాశమూ లేదు. ఆ రెండూ రాజు దారిలోనే మరణించాడన్న ఒక్క విషయంలో కలుస్తున్నాయి. ఇది ఈ ఆకరసముదాయంలో అన్నిటికన్నా గట్టిగా నిలిచే అంశం. నది పేరు మాత్రం విలస శాసనంలోని సాక్ష్యం. ఢిల్లీకి వెళ్లే దక్కన్ మార్గంలో నర్మదను దాటక తప్పదు కనుక అది సంభావ్యమే, కానీ నిరూపితం కాదు.

ఒక పదబంధం, ఒక కూడిక

ఇక కలువచేరు శాసనం. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కుటుంబానికి చెందిన అనితల్లి 1423లో ఇచ్చిన దానానికి సంబంధించినది. ప్రతాపరుద్రుడు స్వేచ్ఛగా, తన ఇష్టంతో దేవలోకానికి వెళ్లాడని ఇందులో ఉంది. ప్రోలయ నాయకుడు, అతని తర్వాత 75 మంది నాయకులు కొలిచిన కాపయ నాయకుడు, ఆపై రెడ్డిరాజులు వరుసగా వస్తారు.

విలస శాసనం నుంచి నర్మదను, కలువచేరు శాసనం నుంచి స్వేచ్ఛను తీసుకుని కలిపితే నర్మదాతీరంలో ఆత్మత్యాగం తయారవుతుంది. పాత పరిశోధకులు దీన్ని ఊహగానే ప్రతిపాదించారు. తర్వాతి గ్రంథాలలో ఊహ వాస్తవంగా మారింది, పాఠ్యపుస్తకాలలో వీరగాథగా స్థిరపడింది. ఘటనకు నూరేళ్ల తర్వాత రాసిన పదబంధానికి ఈ భారం మోసే శక్తి లేదు. రాజు చనిపోయాడని నేరుగా అనకుండా స్వర్గానికి వెళ్లాడనడం శాసనభాషలో పరిపాటి. ‘తన ఇష్టంతో’ అన్న విశేషణం ఆ పరిపాటికి చేర్చిన గౌరవం. పైగా కలువచేరు శాసనం వారసత్వాల వరుసను చెబుతున్నది. బలవంతంగా తొలగింపబడిన రాజు తర్వాత వచ్చేవారికన్నా, ఇష్టంతో వెళ్లిన రాజు తర్వాత వచ్చేవారి స్థానం భద్రంగా ఉంటుంది. ఆత్మత్యాగం జరగలేదని దీని అర్థం కాదు. జరిగిందనడానికి సాక్ష్యం లేదని మాత్రమే.

75 మంది నాయకుల సంఖ్యదీ ఇదే స్థితి. విముక్తి కోసం డెబ్బై ఐదు మంది సమాఖ్యగా ఏర్పడ్డారన్న ప్రసిద్ధ కథనానికి ఆధారం ఈ 1423 నాటి శాసనమే. శాసనం వారు కాపయను కొలిచారంటుంది. సమాఖ్య, ఉద్యమం అన్న మాటలు ఇరవయ్యో శతాబ్దివి.

పదహారో శతాబ్దికి వస్తే ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్రము రాజును బతికించే తిరిగి తెస్తుంది. ఢిల్లీలో సుల్తాను తల్లి బందీలోని దైవాంశను గుర్తిస్తుంది, రాజు విడుదలై, కాశీయాత్ర చేసి ఓరుగల్లుకు చేరుకుంటాడు. 1323 ఘటనలకు ఇది సాక్ష్యం కాదు. కానీ కాకతీయ స్మృతి రెండు శతాబ్దాల తర్వాత ఏ రూపం తీసుకుందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన ప్రాథమిక ఆకరం లేదు. ప్రాథమికం అన్నది గ్రంథానికి పుట్టుకతో వచ్చే గుణం కాదు, అడిగే ప్రశ్నను బట్టి వచ్చేది. సింథియా టాల్బట్ 2001లో ప్రకటించిన కాకతీయాంధ్ర అధ్యయనం ఈ గ్రంథాన్ని ఆ దృష్టితోనే చదివింది.

చీకటికి అటూ ఇటూ

విలస శాసనం గీసిన చీకటివెలుగుల బొమ్మను దాని సమీపకాలపు ఇతర సాక్ష్యాల పక్కన పెట్టి చూడాలి. 1326 నాటి కల్యాణ సంస్కృత శాసనం, ముహమ్మద్ బిన్ తుగ్లక్ అధికారులు అల్లర్లలో ఆగిపోయిన శివపూజను తిరిగి జరిపించేందుకు అనుమతించిన సంగతి చెబుతుంది. అది కర్ణాటక ప్రాంతానిది కనుక తీరాంధ్రలో ఏమి జరిగిందో దాన్ని బట్టి చెప్పలేం. అయినా ఒకే ప్రభుత్వం అన్నిచోట్లా ఒకే విధంగా నడిచిందన్న ఊహను అది నిలవనివ్వదు. ప్రోలయ వారసుడైన కాపయ నాయకుని బిరుదులలో ‘ఆంధ్రసురత్రాణ’ ఒకటి. సురత్రాణమంటే సుల్తాన్ అన్న మాటకు సంస్కృత రూపం. ప్రశస్తిలో యమసదృశుడైన శత్రువు పదవీనామాన్నే ఆ వంశం ఒక తరంలో ఆభరణంగా ధరించింది.

పర్షియన్ ఆకరాలను వాడే తీరు గురించి ఒక మాట చెప్పవలసి ఉంది. తెలుగు సిద్ధాంత గ్రంథాలలో బరనీ, అఫీఫ్ పేర్ల కింద వచ్చే ఉల్లేఖనాలు అధికభాగం 1867-77 మధ్య వెలువడిన ఇలియట్, డౌసన్ ఎనిమిది సంపుటాల ఇంగ్లిష్ అనువాదం నుంచి వచ్చినవి. అవి ఎంపిక చేసిన భాగాలు. ముస్లిం పాలన ఎంత చెడ్డదో తెలిస్తే బ్రిటిష్ పాలన మేలు ప్రజలకు అర్థమవుతుందన్న ఉద్దేశాన్ని ఇలియట్ 1849 నాటి పీఠికలో దాచుకోలేదు. మూలం, అనువాదం, ఎంపిక అనే మూడు పొరలను ఒకే ‘ప్రాథమిక ఆకరం’గా చూపడం వల్ల మూడోదాని ఉద్దేశం మొదటిదాని నోట పలుకుతుంది.

మక్బూల్ పూర్వనామం విషయంలో లిపి కూడా అడ్డు వస్తుంది. పండితులు దాన్ని కన్ను అనీ కట్టు అనీ రెండు విధాల చదివారు. పర్షియన్ లిపిలో పదమధ్యంలోని న, త అక్షరాల శరీరం ఒకటే, తేడా పైనున్న చుక్కలలో. ఒకటైతే న, రెండైతే త. కకార గకారాల తేడా కూడా ఒక చిన్న గీతే, పాత లేఖకులు దాన్ని తరచుగా వదిలేసేవారు. అందువల్ల కన్నును గన్నగా చదివి, మారన మార్కండేయపురాణాన్ని అంకితం పొందిన ప్రతాపరుద్రుని సేనాని గన్నయతో ఇతణ్ని ముడిపెట్టడానికి వీలు కలిగింది. పేరు సరిపోవచ్చు. వ్యక్తి అతడే అనడానికి చుక్కలు, గీతలు చాలవు.

వ్యక్తి గుర్తింపు తేలకపోయినా ఒక సంగతి మాత్రం మిగులుతుంది. కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి పట్టుకున్నప్పుడు అక్కడ ఢిల్లీ ప్రతినిధిగా ఉండి పారిపోయినవాడు మాలిక్ మక్బూల్ అని బరనీ రాశాడు. తర్వాతి వజీరు ఇతడేనని చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం. అలాగైతే కోట లోపల ఢిల్లీ తరఫున నిలిచినవాడూ, బయటినుంచి దాన్ని ముట్టడించినవాడూ ఒకే ప్రాంతపు మనుషులు, ఒకే భాష మాట్లాడినవారు. వారిలో మొదటివాడు అఫీఫ్ కథనం ప్రకారం ప్రతాపరుద్రుని కొలువులో పెరిగినవాడు. విలస శాసనకవికి ఈ మనిషిని చీకటిలో చేర్చాలో వెలుగులో చేర్చాలో తెలిసే అవకాశం లేదు. అతని ప్రశస్తిలో అటువంటివారికి చోటే లేదు.