కిలో చక్కెర ధర ఎక్కడ తేలుతుంది? తిరువాలంగాడు చెరకు లెక్క

మన ఇళ్లలో చాలామంది చెరకు అమ్ముతారు, చక్కెర కొంటారు. చెరకు ధర పెరిగితే సంతోషం, అంగడిలో చక్కెర ధర పెరిగితే బాధ. ఈ రెండింటి మధ్య ప్రభుత్వ ఉత్తర్వులు, కూలి చట్టాలు ఎలా పనిచేస్తాయని మన సంఘం సభ్యులు అడుగుతుంటారు. తిరుత్తణి సహకార చక్కెర మిల్లు మన తిరువాలంగాడులోనే ఉంది గనుక చెరకు లెక్కతోనే చెబుతున్నాము.

చెరకు ధర

1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు కింద కేంద్రం ఏటా చెరకుకు కనీస ధర ప్రకటిస్తుంది. దీనినే ఎఫ్‌ఆర్‌పీ అంటారు. అంతకంటే తక్కువకు ఏ మిల్లూ కొనరాదు. వంద కిలోల చెరకు నుండి దిగే చక్కెర రికవరీ. 2018-19లో 10 శాతం రికవరీకి క్వింటాలు 275 రూపాయలు. 2025-26లో 10.25 శాతానికి 355 రూపాయలు. 355ను 10.25తో భాగిస్తే కిలో చక్కెరలో చెరకు ఖర్చే 34 రూపాయల 63 పైసలు. రికవరీ 9.5 కంటే ఎంత తగ్గినా రైతుకు 329 రూపాయల 5 పైసలు ఇవ్వాలి. రికవరీ 9 అయిన మిల్లుకు కిలోకు చెరకు ఖర్చు 36 రూపాయల 56 పైసలు అవుతుంది. మొలాసిస్, పిప్పి అమ్మితే కొంత తిరిగి వస్తుంది.

కూలి ఎలా చేరుతుంది

కోత కూలి మన వైపు రైతే ఇస్తాడు. వ్యవసాయ కూలికి కనీస వేతనాన్ని 1948 చట్టం కింద రాష్ట్రాలు నిర్ణయిస్తూ వచ్చాయి. 2019 వేతనాల స్మృతి ఆ చట్టాన్ని తనలో కలుపుకుంది. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సాగు ఖర్చులో కూలిని కూడా లెక్కవేసి ఎఫ్‌ఆర్‌పీని సిఫారసు చేస్తుంది. అందువల్ల ఈ ఏడు పెరిగిన కూలి వెంటనే అంగడిలో కనబడదు, తర్వాతి సీజన్ల చెరకు ధరలో చేరుతుంది. ఆ ధర దేశమంతటికీ ఒకటే. మన ఊళ్లో కోత కూలి అంతకుమించి పెరిగితే ఆ తేడా రైతు మీదే పడుతుంది.

చక్కెర ధర

2018 జూన్‌లో మిల్లు గేటు దగ్గర చక్కెరకు కనీస అమ్మకం ధర కిలో 29 రూపాయలుగా పెట్టారు. 2019 ఫిబ్రవరిలో 31 చేశారు. 2025-26 సీజను మొదలయ్యే నాటికీ అది మారలేదు. ఏ మిల్లు నెలకు ఎంత అమ్మాలో కూడా కేంద్రమే చెబుతుంది. పండగ నెలలో ఆ కోటా పెంచితే ధర అణుగుతుంది, తగ్గిస్తే లేస్తుంది. దీనిపై 5 శాతం జీఎస్టీ. చక్కెరలో 20 శాతం జనపనార సంచుల్లోనే నింపాలన్న నిబంధన ఖర్చు వేరు.

రేషన్ చక్కెర

2013 వరకు మిల్లులు 10 శాతం చక్కెరను లెవీగా తక్కువ ధరకు ఇచ్చేవి. ఇప్పుడు రాష్ట్రమే బజారు ధరకు కొని ఇస్తోంది. తమిళనాడులో 2017 నవంబరు నుండి రేషన్ చక్కెర కిలో 25 రూపాయలు, అంత్యోదయ కార్డుకు 13 రూపాయల 50 పైసలు. తేడాను ఖజానా భరిస్తుంది. 2023-24 సీజనుకు రాష్ట్రం రైతులకు టన్నుకు 215 రూపాయల ప్రోత్సాహకం ఇచ్చింది. అదీ ఖజానా సొమ్మే, అంటే మనం కట్టే పన్నే.

భారం ఎవరిది?

చెరకు ధర పెరిగి, చక్కెర ధర అణిగి ఉంటే మిల్లు చేతిలో డబ్బు ఉండదు. అప్పుడు రైతుకు చెల్లింపు ఆలస్యమవుతుంది. చౌక చక్కెరకు అసలు వెల కట్టేది చాలాసార్లు ఆ రైతే. చెరకు అప్పగించిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలని, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలని అదే ఉత్తర్వు చెబుతోంది. కానీ అడిగేవారు తక్కువ.

కనుక తూకం చీటీ పారేయకండి. అప్పగించిన తేదీ, బరువు, డబ్బు బ్యాంకులో పడిన తేదీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. అరవంలో ఉన్న చీటీ చదవడం కష్టమైతే సంఘానికి తెండి. కూర్చుని చదివి, అర్జీ రాసి పెడతాము.