కళ్ళు తిరగడానికీ ఒక చరిత్ర ఉంది

మన కథల్లో, సినిమాల్లో ఆడమనిషికి కళ్ళు తిరిగాయంటే దానికి ఒకటే అర్థం, నెల తప్పిందని. డాక్టరు నాడి పట్టుకుని నవ్వుతాడు, అత్తగారు చక్కెర పంచుతుంది. సాహిత్య విద్యార్థిగా ఈ సన్నివేశాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కానీ పెళ్ళికాని పిల్లకో, ముట్లుడిగిన ముసలమ్మకో, ఎండలో కూలికి పోయే మనిషికో కళ్ళు తిరిగితే? దానికి మన దగ్గర కథ లేదు. వైద్యంలోనైనా ఉందా అని వెతకడం మొదలుపెట్టాను.

పులివెందుల దగ్గరి లింగాల మా పెద్దమ్మ వాళ్ళ ఊరు. అరటి తోటలు, చీనీ తోటలు. మండలంలోని పార్నపల్లె దగ్గర చిత్రావతి మీద కట్టిన రిజర్వాయరు. అక్కడి ఆడవాళ్ళ నోట ఈ బాధకి ఒక్క పేరు కాదు, నాలుగైదున్నాయి. 'కండ్లు తిరుగుతాండాయి' అంటే చుట్టూ ఉన్నవన్నీ గిర్రున తిరగడం. 'తల దిమ్ముగా ఉండాది' అంటే బరువు, మబ్బు. 'కండ్లు బైర్లు కమ్మినాయి' అంటే లేచి నిలబడేసరికి చీకటవడం. ఇవాళ డాక్టర్లు అడిగి తెలుసుకోవాల్సిన తేడాలు కూడా ఇవే. గిర్రున తిరిగితే చాలాసార్లు లోపలి చెవిని చూడాలి. లేచినప్పుడు చీకట్లు కమ్మితే రక్తపోటునీ, రక్తహీనతనీ, ఒంట్లో నీళ్ళు తగ్గడాన్నీ చూడాలి. ఇంత తెలివైన భాష క్లినిక్ గడప దాటేసరికి 'నీరసం' అనే ఒక్క మాటగా కుదించుకుపోతుంది. దానికి మందు ఒక సెలైన్ సీసా.

మాధవనిదానం మూర్ఛనీ, భ్రమనీ, తంద్రనీ ఒకే అధ్యాయంలో ఉంచి, వేటికవి విడదీసి చెప్పింది. తల తిరగడమే భ్రమ. దాని కారణాల్లో పిత్తం ఒకటి. సీమలో ముసలమ్మలు 'పైత్యం చేసింది' అన్నప్పుడు వినపడేది ఆ పాత శాస్త్రమే. అయితే ఆ రెండు మాటలకీ తర్వాత ఏమైందో చూడండి. 'అదంతా నీ భ్రమ', 'నీకేమన్నా పైత్యమా' అంటున్నాం. రోగం పేర్లు రెండూ మనిషి మాట నమ్మకపోవడానికి పనికొచ్చే మాటలయ్యాయి.

యూరప్‌లోనూ నమ్మకం తేలిగ్గా రాలేదు. తల తిరగడమంటే మెదడుకి రక్తం పోటెత్తడమేనని, రక్తం తీసేసేవాళ్ళు. 1861లో పారిస్‌లో బధిరుల సంస్థ వైద్యుడు ప్రాస్పర్ మెనియేర్, ఈ జబ్బు లోపలి చెవి నుంచి కూడా రావచ్చని వాదించాడు. చెవిలోని సమతౌల్య వ్యవస్థ మీద పరిశోధనకి రాబర్ట్ బరానీకి 1914 నోబెల్ బహుమతి వచ్చింది. 1921లో ఆయన 27 ఏళ్ళ స్త్రీ గురించి రాశాడు. పక్కకి ఒత్తిగిలితే ఆమెకి లోకం తిరిగేది.

ఆ బాధని కచ్చితంగా గుర్తుపట్టే పరీక్షని 1952లో వివరించినవారిలో ఒకరు మార్గరెట్ డిక్స్. ఆమె శస్త్రవైద్యురాలు. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దాడిలో ముఖానికీ కళ్ళకీ దెబ్బలు తగిలి శస్త్రచికిత్స వదులుకోవాల్సి వచ్చింది. లండన్‌లో హాల్‌పైక్‌తో కలిసి రోగుల కళ్ళ కదలికలు చదవడం మొదలుపెట్టింది. తన చూపు దెబ్బతిన్న స్త్రీ, ఇతరుల కళ్ళలో జబ్బుని చూడడం మనకి నేర్పింది. పరీక్షకి యంత్రం అక్కర్లేదు, మంచం చాలు. చెవిలోని సన్నని కాల్షియం స్ఫటికాలు చోటు తప్పి అర్ధవృత్తాకార నాళాల్లోకి జారడమే కారణం. 1992లో జాన్ ఎప్లీ ప్రచురించిన పద్ధతిలో తలని వరసగా తిప్పితే, చాలామందికి ఒకట్రెండుసార్లతోనే తగ్గుతుంది.

మా పెద్దమ్మ మంచంమీద పక్కకి తిరిగితే ఇల్లంతా తిరిగేది. ఏళ్ళతరబడి 'నరాల బలహీనత' మాత్రలు మింగింది. చివరికి ఒక డాక్టరమ్మ ఆమెని పడుకోబెట్టి తల తిప్పింది, పది నిమిషాల్లో అయిపోయింది. "ఇంతేనామ్మే?" అంది పెద్దమ్మ. ఆ ప్రశ్నలో సంతోషంకంటే కోపమే ఎక్కువుంది.

ఏడాదిలో పెద్దల్లో 15 నుంచి 20 శాతం మందికి ఏదో ఒక రకంగా తల తిరుగుతుందని జనాభా అధ్యయనాల అంచనా. గిర్రున తిరిగే రకం ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. తలనొప్పితో ముడిపడిన మైగ్రేన్ రకమూ అంతే. స్ఫటికాలు జారే జబ్బుకి ఎముకల బలహీనతతో, విటమిన్ డి లోపంతో సంబంధం కనిపిస్తోంది.

ఇక రక్తం సంగతి. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతకి మూలం తిండిలో ఉందని చూపింది. ఫోలిక్ ఆమ్లం కథ అక్కడ మొదలైంది. 1970లో మన ప్రభుత్వం ఐరన్, ఫోలిక్ మాత్రల పథకం పెట్టింది. అర్ధశతాబ్దం తర్వాత, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. దేశం మొత్తమ్మీద స్త్రీలలో 57 శాతం, పురుషుల్లో 25. మధ్యలో ఉన్న ఆ తేడాలో ముట్లున్నాయి, కాన్పులున్నాయి, అందరూ తిన్నాక అడుగున మిగిలిన సంగటి కూడా ఉంది.

1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చినప్పుడు మన శరీరం గురించి మనమే అడగొచ్చని తెలిసింది. ఆ అడగడం ఇంకా పూర్తికాలేదు. మాట తడబడుతూ, చెయ్యో కాలో పట్టుతప్పుతూ తల తిరిగితే అది పక్షవాతం కావచ్చు, గంటలు లెక్క. తక్కిన చాలావాటికి వైద్యం ఉంది, అదీ చవకగా. కావాల్సింది ముందు నమ్మడం. ముసలమ్మ తుంటి విరిగితే 'కాలు జారి పడింది' అని రాసేస్తారు. జారింది కాలేనా అని అడిగితే, అక్కడినుంచి ఆమె చరిత్ర మొదలవుతుంది.