ఎర్రజెండా దిగిన తర్వాత: తిరువూరు సరిహద్దు నుంచి కొన్ని ప్రశ్నలు

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని అగ్రకులాల వాళ్లు వెంటాడి నరికి చంపారు. సరిగ్గా 13 రోజులకు, ఆగస్టు 19న, మాస్కో వీధుల్లోకి ట్యాంకులొచ్చాయి. డిసెంబరు 25 రాత్రి క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దిగింది. ఒకే ఏడాది, ఒకే నెలలో మొదలైన ఈ రెండు సంగతుల్నీ కలిపి చదివిన వాళ్లు మన దగ్గర తక్కువ.

సోవియట్ కూలిపోవడాన్ని తెలుగునాట రెండు రకాలుగా చదివారు. కమ్యూనిస్టుల్లో చాలామంది గోర్బచేవ్ ద్రోహమన్నారు, సామ్రాజ్యవాద కుట్రన్నారు. మార్కెట్ పక్షం వాళ్లు ప్రజాస్వామ్యం గెలిచిందన్నారు. రాజ్యం ఎవరి పేరు మీద నడిచిందో వాళ్లకు అందులో ఏపాటి మాట చెల్లింది? రాజ్యం మారినప్పుడు ఆస్తి ఎవరి చేతికి పోయింది? దళితులుగా మేము అడగాల్సినవి ఈ రెండు ప్రశ్నలు.

మొదటి ప్రశ్నకు పోలెండ్ జవాబు చెబుతుంది. 1980లో గ్డాన్స్క్ ఓడల కార్ఖానాలో సమ్మె చేసి 'సాలిడారిటీ' సంఘం పెట్టుకున్నది కార్మికులే. కార్మికుల రాజ్యమని చెప్పుకున్న ప్రభుత్వం 1981 డిసెంబరులో ఆ కార్మికుల మీదే సైనిక శాసనం పెట్టింది. 1989 జూన్‌లో ఓటు వేసే వీలు దొరకగానే జనం సెనేట్‌లోని 100 సీట్లలో 99 సాలిడారిటీకి ఇచ్చారు. కుట్రలు ఉండొచ్చు, లేవని మేమనం. కానీ సొంత కార్మికుడే వద్దనుకున్న రాజ్యాన్ని కూల్చడానికి పెద్ద కుట్ర అక్కర్లేదు.

ఇది ఎక్కడో యూరపు కథ అనుకోనక్కర్లేదు. తిరువూరు పాత నిజాం సరిహద్దు ప్రాంతం. ఆ సరిహద్దు అవతల, తెలంగాణలో, 1946 నుంచి 1951 దాకా నడిచింది మనం దగ్గర్నుంచి చూసిన కమ్యూనిస్టు పాలన. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో గ్రామరాజ్య కమిటీలు ఏర్పడ్డాయి, 10 లక్షల ఎకరాలు పంచారు. వెట్టి ఆగింది, కూలి పెరిగింది. దొర ముందు తలెత్తి నిలబడే ధైర్యం మాల మాదిగలకు ఆ పోరాటంలో వచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో మేము కలవం.

అయితే భూమి ఎంత దాటితే పంచాలన్న లెక్క మొదట 500 ఎకరాలు. తర్వాత 200కి, చివరికి మెట్టలో 100కి దిగింది. ఈ లెక్క తేల్చిన నాయకత్వంలో ఎక్కువమంది భూమి ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. కూలివాడు తుపాకీ పట్టాడు, జెండా మోశాడు, చచ్చిపోయాడు. లెక్క కట్టే చోట మాత్రం అతను లేడు. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది, పారిపోయిన దొరలు చాలామంది సైన్యం వెనకాలే తిరిగొచ్చారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు, 1952లో ఎన్నికలొచ్చాయి. పంచిన భూముల్లో చాలాభాగం అప్పటికే పాత చేతుల్లోకి పోయింది. 1964లో పుట్టిన సీపీఎం పొలిట్‌బ్యూరోలోకి మొదటి దళితుడు వచ్చింది 2022లో. అంటే 58 ఏళ్లకు.

రెండో ప్రశ్నకు రష్యాను చూడాలి. 1992లో ప్రభుత్వ ఆస్తిలో వాటా అని చెప్పి పౌరులందరికీ 10 వేల రూబుళ్ల వోచర్ ఒకటి ఇచ్చారు. ధరలు మండిపోతుంటే జనం ఆ కాగితాన్ని వచ్చినకాడికి అమ్ముకున్నారు. కార్ఖానాలు పాత డైరెక్టర్లకూ కొత్త బ్యాంకుల వాళ్లకూ చేరాయి. 1995లో చమురు, నికెల్ కంపెనీలు కొద్దిమంది చేతుల్లో పడ్డాయి. ఓటు వచ్చింది, ఆస్తి పోయింది.

అక్కడి అంటరానివాళ్లు రోమా జనం. తూర్పు యూరపులో ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు ముందు పని పోయింది వాళ్లకే. బెర్లిన్ గోడ 1989లో పడింది. పదేళ్లకు, 1999 అక్టోబరులో, చెక్ దేశంలోని ఉస్తీ పట్టణంలో రోమాల ఇళ్లు కనపడకుండా ఎన్నికైన స్థానిక పాలకులే వీధికి అడ్డంగా గోడ కట్టించారు. గొడవై ఆరు వారాలకు తీసేశారు. ఊరికీ వాడకూ మధ్య గీత తెలిసిన మనకు ఆ గోడ అర్థం వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఇవతలి తిరువూరు చూద్దాం. ఇది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మా ఓటుంది, మా మనిషే గెలుస్తాడు. ఇక్కడ నుంచి 1989లోనూ 2004లోనూ గెలిచిన కోనేరు రంగారావు ఉపముఖ్యమంత్రి కూడా అయ్యారు. 2004లో భూముల మీద వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. పేదలకిచ్చిన భూములు ఎట్లా చేతులు మారుతున్నాయో, ఏం చెయ్యాలో ఆ కమిటీ 2006లో చెప్పింది. ఆ సిఫార్సులు అమలు చెయ్యమని కూడా అడిగిన భూపోరాటంలో, 2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులకు ఏడుగురు చనిపోయారు. కమిటీ వేసిందీ కాల్పులు జరిపిందీ ఒకే ప్రభుత్వం.

అసైన్డ్ భూమి అమ్మకూడదు, కొనకూడదు అని 1977 చట్టం చెప్పింది. చట్టం ఉండగానే భూమి జారిపోయింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూమిని అమ్ముకునే హక్కు ఇచ్చింది. మా ఆస్తి మేం అమ్ముకోవడానికి వేరేవాళ్ల అనుమతి ఏమిటని అడిగే దళితులూ ఉన్నారు. ఆ మాటలో న్యాయముంది, ఆత్మగౌరవముంది. కానీ ఆస్పత్రి ఖర్చుకో ఆడపిల్ల పెళ్లికో అమ్ముకోవాల్సిన స్థితిలో ఉన్నవాడి చేతిలో పట్టా రష్యన్ కూలివాడి చేతిలో వోచర్ లాంటిదే. 2024లో ప్రభుత్వం మారాక ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. అప్పటికే ఎన్ని ఎకరాలు, ఏ కులాల చేతికి పోయాయో ఊరి వారీగా లెక్క తియ్యాల్సింది మన సంఘాలే.

రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం - ఈ వైరుధ్యం ఎక్కువకాలం సాగితే ప్రజాస్వామ్యమే ప్రమాదంలో పడుతుందని అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. 1956లో ఖాట్మండూలో బుద్ధుడి గురించీ మార్క్స్ గురించీ మాట్లాడుతూ నియంతృత్వం మీద నిలబడ్డ సమానత్వం నిలవదన్నారు. ఈ రెండూ కలిపి చదవాలి. 1991లో మాస్కోలో రెండో మాట రుజువైంది. మొదటి మాట మన కోర్టుల్లో, రెవెన్యూ ఆఫీసుల్లో రోజూ రుజువవుతోంది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులంది.

అందుకే సోషలిజం చచ్చిందా బతికిందా అన్న చర్చకు పిలిచేవాళ్లను మేము ముందు రెండు మాటలు అడుగుతాం. మీ కమిటీలో లెక్క కట్టేది ఎవరు? మీ ఊళ్లో అసైన్డ్ భూమి ఇవ్వాళ ఎవరి సాగులో ఉంది? జవాబు తెలియకపోతే తహసీల్దారు ఆఫీసులో అడంగల్ తీయించి రండి. అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.