బొంత నుంచి కాంథా వరకు: పాత చీరలతో పుట్టిన పొదుపు కళ

పొంతన లేని పక్షాలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే, తెలుగు రాజకీయ ప్రసంగాల్లో దానికి వెంటనే 'అతుకుల బొంత' అన్న పేరు పడుతుంది. ఆ మాటలో ఎగతాళి ఉంది. అసలు బొంతను గమనిస్తే మాత్రం పోలిక తిరగబడుతుంది. విడివిడిగా కట్టుకోవడానికి పనికిరాని నేత గుడ్డలు ఒకదానిపై ఒకటి చేరి, దారంతో బిగిసి, మరికొన్నేళ్లు ఇంటిల్లిపాదికీ చలి కాస్తాయి.

ఒకే పద్ధతి, అనేక పేర్లు

పాత బట్టలను పొరలుగా పేర్చి కుట్టడం దక్షిణాసియా అంతటా ఉన్న ఇంటిపని. తెలుగువారి బొంత మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది, బిహార్‌లో సుజని, బెంగాల్‌లో కాంథా. పాకిస్థాన్‌లోని సింధ్, దానికి ఆనుకుని ఉన్న రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాల్లో దీన్ని రల్లి అంటారు. సంస్కృతంలో 'కంథ' అనే మాటకు అర్థం కూడా బొంతే.

కుట్టే తీరు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఉత్తర కన్నడ జిల్లాలో నివసించే ఆఫ్రికా మూలాల సిద్దీ మహిళలు ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచుల వెంట చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుకుంటారు. చివర నాలుగు మూలలకూ మడిచిన రంగు గుడ్డముక్కలు తొడిగితేనే వారి దృష్టిలో ఆ పని పూర్తయినట్టు. బెంగాల్‌లో ఉపయోగాన్ని బట్టి పేర్లున్నాయి. చలికి కప్పుకొనే మందపాటిది లేప్, అద్దాన్నీ దువ్వెననూ చుట్టి ఉంచేది ఆర్షిలతా.

ఎలా తయారవుతుంది?

ఐదున్నర మీటర్ల నూలు చీరను మధ్యకు మడిస్తే సుమారు 2.75 మీటర్ల పొడవు, చీర పన్నా అంత వెడల్పుతో రెండు పొరలు వస్తాయి. ఇలాంటివి మూడు చేరిస్తే ఆరు పొరలు. ఒక మనిషి కప్పుకోవడానికి అది చాలు. ఇద్దరికైతే పక్కపక్కన జోడించి వెడల్పు పెంచుతారు.

ముందుగా బట్టలను బాగా ఉతికి ఆరబెడతారు. బాగా చివికిన వాటిని లోపలి పొరలకు, కాస్త గట్టిగా ఉన్నవాటిని పైకి, అడుగుకు వాడతారు. నేల మీద పరచి, ముడతలు పోయేలా అరచేత్తో సర్ది, పొరలు జరగకుండా పొడవాటి కచ్చా కుట్లు వేస్తారు. ఆపై సూది పైకీ కిందికీ దిగుతూ ముందుకు సాగే సాదా కుట్టు వరుసలు వరుసలుగా పడుతుంది. మందం ఎక్కువైతే సూదికి బదులు దబ్బనం పట్టాల్సిందే. బెంగాల్‌లో పూర్వం పాత చీరల అంచుల నుంచి లాగిన రంగు పోగులనే దారంగా వాడేవారు. అంటే దారం కూడా కొన్నది కాదు.

పాత బట్టే ఎందుకు?

ఇది కేవలం లేమి వల్ల పుట్టిన అలవాటు కాదు. కొత్త నూలు బట్టలో గంజి, బిరుసు ఉంటాయి. పదేపదే ఉతికిన కొద్దీ గంజి వదిలి, పోగులు సడలి, బట్ట మెత్తబడుతుంది. పొరల మధ్య చిక్కుకున్న గాలి వెచ్చదనాన్ని నిలుపుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డను మెత్తని పాత బట్టల పొత్తిళ్లలో ఉంచడం వెనుక ఉన్నదీ ఈ అనుభవమే. బిహార్‌లోనూ సుజనిని నవజాత శిశువుల కోసమే కుట్టేవారు.

పాలియెస్టర్ చీర ఎన్నిసార్లు ఉతికినా నూలులా మెత్తబడదు, చెమటనూ అంతగా పీల్చదు. అందుకే ఇళ్లలో నూలు చీరల వాడకం తగ్గుతున్న కొద్దీ బొంతకు అసలు ముడిసరుకే కరవవుతోంది.

అంగడికి చేరాక

ఇంటి అవసరంగా మొదలైన ఈ కుట్టు 20వ శతాబ్దంలో ఉపాధిగా మారింది. బిహార్‌లోని ముజఫర్‌పుర్ జిల్లా భుసురా గ్రామంలో 1980ల చివర సుజనికి మళ్లీ ప్రాణం పోసే ప్రయత్నం మొదలైంది. అక్కడి మహిళలు వరకట్నం, బాల్యవివాహాల వంటి సమస్యలను బొమ్మలుగా కుట్టారు. సుజనికి, పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు భౌగోళిక సూచిక గుర్తింపు దక్కింది. కాంథా కళాకారిణి ప్రీతికణా గోస్వామిని కేంద్ర ప్రభుత్వం 2023లో పద్మశ్రీతో గౌరవించింది.

ఈ గుర్తింపుతో పాటే ఒక మార్పూ వచ్చింది. నేడు దుకాణాల్లో కనిపించే కాంథా చీరల్లో అధికభాగం కొత్త పట్టు, టస్సర్ బట్టపై కుట్టినవే. కుట్టు మిగిలింది, పాత బట్టకు ప్రాణం పోసే పొదుపు పక్కకు తప్పుకుంది.

మరుగున పడిన మరొకటి కుట్టినవారి పేరు. కోల్‌కతా సమీపంలోని జోకాలో ఉన్న గురుసదయ్ మ్యూజియం కాంథాల సేకరణలో 19వ శతాబ్దపు కాంథా ఒకటి ప్రసిద్ధం. మానదాసుందరి అనే మహిళ తండ్రి కోసం తన చేతులతో కుట్టినట్టు దానిపై దారంతోనే రాసుకుంది. అలా పేరు మిగిలినవారు అరుదు. తెలుగునాట బొంతలు కుట్టిన అమ్మమ్మలు, నాయనమ్మలు అలాంటి గుర్తేదీ వదల్లేదు.

నేడు కుట్టాలనుకుంటే

ఇంట్లో ఉన్న పాత నూలు చీరలు, ధోవతులు, దుప్పట్లతో ఇప్పటికీ ఈ పని మొదలుపెట్టవచ్చు. తొలి ప్రయత్నానికి మూడు పొరల చిన్న పక్కగుడ్డ మేలు. పొరలు పెరిగిన కొద్దీ సూది దిగడం, తర్వాత ఉతికి ఆరబెట్టడం రెండూ కష్టమవుతాయి. రంగు వదిలే బట్టను ముందే విడిగా నానబెట్టి చూడాలి. నూలును, పాలియెస్టర్‌ను కలపకపోవడం మంచిది. ఉతికినప్పుడు రెండూ ఒకేలా కుంచించుకుపోవు కనుక బొంత ముడతలు పడుతుంది. ఎక్కడైనా చిరిగితే దానిపై మరో ముక్క వేసి కుట్టవచ్చు. అతుకు పడినా బొంత విలువ తగ్గదు, దాని ఆయుష్షు పెరుగుతుంది.