పండ్లు, చీజ్ పళ్లెం అలంకరణ

అతిథి మర్యాదకో శుభకార్యానికో పండ్లను, కొన్ని విందుల్లో చీజ్‌తో కలిపి, రంగు, ఆకారం, ఎత్తులను బట్టి పళ్లెంలో పేర్చే పద్ధతి ఇది. సిద్దిపేట జిల్లాతో సహా తెలంగాణ అంతటా నిశ్చితార్థం, పెళ్లి వేడుకల్లో పండ్లను కోయకుండానే పళ్లేల్లో పెట్టి, తమలపాకులు, వక్కలతో ఇచ్చిపుచ్చుకుంటారు. చీజ్ పాశ్చాత్య విందుల నుంచి వచ్చి చేరినది.

కోయని పండ్ల అమరిక కేవలం ఆచారం కాదు, వాతావరణానికీ తగినది. కోసిన యాపిల్ గాలి తగిలితే ఎంజైముల చర్యవల్ల గోధుమరంగుకు మారుతుంది. కోసిన పండ్లను, మెత్తని చీజ్‌ను 2 గంటలకు మించి, 32 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడిలో 1 గంటకు మించి బయట ఉంచరాదు. సిద్దిపేటలో వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటుతాయి. కోయని పండు వెంటనే తినడానికి వీలుకాదన్న అభ్యంతరం ద్రాక్ష, అరటి విషయంలో నిలవదు. కోయక తప్పని యాపిల్, జామ ముక్కలకు నిమ్మరసం పట్టిస్తే రంగు మారడం నెమ్మదిస్తుంది.