వైద్యవిద్యకు తొలిమెట్టు: నిజాం కాలపు ఉత్తర తెలంగాణ

వైద్యవిద్యకు ముందు ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదవాలన్నది నేటి క్రమం. నిజాం కాలంలో కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల తెలుగు విద్యార్థికి వీటన్నిటికంటే ముందు మరొక మెట్టు ఉండేది: ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్ని సైతం ఉర్దూలోనే బోధించింది. అందుకు కావలసిన గ్రంథాలను దారుల్ తర్జుమా అనువదించింది. ఆధునిక శాస్త్రాన్ని దేశభాషలో బోధించవచ్చునని నిరూపించిన ఆ ప్రయత్నం సామాన్యమైనది కాదు. అయితే ఆ దేశభాష ఇక్కడి అధికసంఖ్యాకుల ఇంటిభాష కాదు. ఆదిలాబాద్ గోండు బాలునికైతే తెలుగు కూడా పరభాషే. 1940లలో మార్లవాయి కేంద్రంగా హైమెండార్ఫ్ ఆరంభించిన గోండి బోధన ప్రాథమిక స్థాయిని ఉద్దేశించినది. శాస్త్రవిద్య దాకా సాగే దారి కాదది. 1948 తరువాత ఉర్దూ స్థానాన్ని ఆంగ్లం ఆక్రమించింది. 1959లో వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాల, 2008లో ఆదిలాబాదులో రిమ్స్ ఏర్పడి దూరం తగ్గింది. బోధన మాత్రం ఆంగ్లంలోనే.